కొత్త కారుకి జరిగిన రిపేరు దాచి అమ్మితే: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగు కుటుంబాల్లో చాలామంది కారు కొనాలంటే సరిహద్దు దాటుతారు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చుట్టాలు ఉంటారు, అక్కడ మోడళ్ళు ఎక్కువ, మాట్లాడుకోవడానికి భాష ఇబ్బంది ఉండదు. బండి తెచ్చి ఇక్కడ ఓడీ నంబరు, అంటే ఒడిశా రిజిస్ట్రేషన్, వేయించుకుంటారు. అంతా బాగుంటే సమస్యే లేదు. కొన్న బండికి షోరూమ్‌లోనే రిపేరు జరిగిందని తర్వాత తెలిస్తే మాత్రం, "కొన్నది ఆ రాష్ట్రంలో, ఉంటున్నది ఈ రాష్ట్రంలో, ఇక ఎవరి చుట్టూ తిరుగుతాం" అని వదిలేస్తున్నారు. అలా వదిలేయనక్కర్లేదు. మా బావగారికి ఇదే జరిగింది. పర్లాకిమిడిలో ఆయన ఇంటి ముందు నిలబెట్టిన కారు చుట్టూ తిరుగుతూ నేను నేర్చుకున్నదీ, చట్టంలో ఉన్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొత్త కారుకి రిపేరు ఎందుకు వస్తుంది?

కారు ఫ్యాక్టరీ నుంచి మన చేతికి వచ్చేలోపు చాలా చేతులు మారుతుంది. ట్రైలర్ మీద వందల కిలోమీటర్లు వస్తుంది. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు గీతలు పడతాయి, సొట్టలు పడతాయి. స్టాక్ యార్డులో నెలల తరబడి ఎండకీ వానకీ నిలబడుతుంది. షోరూమ్ కుర్రాడు రివర్స్ చేస్తూ గోడకి తగిలించవచ్చు. టెస్ట్ డ్రైవ్‌కి తిప్పిన బండినే కొత్తదని అంటగట్టవచ్చు. ఒకరు బుక్ చేసుకుని డెలివరీ రోజున లోపం చూసి వద్దన్న బండిని, సరిచేసి ఇంకొకరికి ఇవ్వవచ్చు.

మన తీరానికి ఇంకో సంగతి కూడా ఉంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబరులోనే, అంటే దసరా దీపావళి కొనుగోళ్ళ సీజనులోనే. యార్డుల్లో నిలబెట్టిన బండ్లకి నీళ్ళో దెబ్బలో తగిలి ఉండవచ్చు కాబట్టి, తుఫాను తర్వాత కొన్ని నెలలపాటు కారు కొనేవాళ్ళు "ఈ బండి ఏ యార్డులో ఉంది, ఎప్పటి నుంచి ఉంది" అని తప్పకుండా అడగాలి.

చిన్న పెయింట్ పని అయినా చెప్పాలా? బండి బాగానే నడుస్తోంది కదా!

షోరూమ్ వాళ్ళు మొదట చెప్పేది ఇదే: "సార్, ఇంజన్‌కేం కాలేదు, చిన్న టచప్ అండీ." ప్రశ్న ఇంజన్ గురించి కాదు. మీరు కొత్త బండి ధర మొత్తం కట్టారు. దెబ్బ తగిలి, టింకరింగ్ చేసి, రంగు వేసిన బండి అని ముందే చెప్పి ఉంటే మీరు ఆ ధరకి కొనేవారా? అక్కడే కేసు ఉంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ విషయం మూడు చోట్ల దొరుకుతుంది. సెక్షన్ 2(47) ప్రకారం వాడిన వస్తువునో, మళ్ళీ బాగుచేసిన వస్తువునో కొత్తదని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. సెక్షన్ 2(11) ప్రకారం కొనేవాడికి తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపం. సెక్షన్ 2(9) ప్రకారం వస్తువు నాణ్యత గురించి తెలుసుకోవడం మీ హక్కు. వీటికి తోడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17, తెలిసిన నిజాన్ని కప్పిపుచ్చడాన్ని మోసం అంటుంది.

ఇన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం పెయింట్ దాటితే, ఇన్ని వేల ఖర్చు దాటితే చెప్పి తీరాలి అన్న గీత ఈ చట్టంలో లేదు. కాబట్టి ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది ఇలాంటి ఫిర్యాదులు వినే వినియోగదారుల కమిషన్ ఆ కేసు చూసి నిర్ణయిస్తుంది. బంపర్ మీద పాలిష్‌తో పోయిన గీతకి పెద్ద నష్టపరిహారం వస్తుందని ఆశ పడకండి. డోరు మార్చినా, పుట్టీ పెట్టినా, కప్పుని మోసే పిల్లర్ దగ్గర వెల్డింగ్ చేసినా అది వేరే లెక్క. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది ఆ ఇనుమే.

ఇలాంటి కేసు ఎక్కడైనా పెద్ద కోర్టుదాకా వెళ్ళిందా?

అమెరికాలోని అలబామాలో ఒక డాక్టరు 1990లో కొత్త బీఎండబ్ల్యూ కారు కొన్నాడు. తొమ్మిది నెలలు నడిపాక మెరుపు పెంచుకుందామని ఒక డీటెయిలింగ్ షాపుకి ఇస్తే, దీనికి మళ్ళీ పెయింట్ పడిందని వాళ్ళు కనిపెట్టారు. జర్మనీ నుంచి వచ్చే దారిలో ఆమ్ల వర్షం వల్ల పెయింట్ పాడైతే, 601 డాలర్ల చిల్లర ఖర్చుతో మళ్ళీ రంగు వేశారు. రిపేరు ఖర్చు ధరలో 3 శాతం దాటకపోతే ఎవరికీ చెప్పకుండా కొత్తదిగానే అమ్మడం ఆ కంపెనీ పద్ధతి. జ్యూరీ 4,000 డాలర్లు నష్టపరిహారంగా, 40 లక్షల డాలర్లు శిక్షగా వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను 20 లక్షలకి తగ్గించింది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు అది కూడా మరీ ఎక్కువంది. చివరికి 50,000 డాలర్ల దగ్గర ఆగింది.

ఆ తీర్పు మన కమిషన్లను కట్టిపడేయదు. అయినా నేను ఈ కథ అందరికీ చెబుతాను, ఎందుకంటే ఆయన కారు కూడా బాగానే నడిచింది. కోపమంతా దాచినందుకే.

డెలివరీకి ముందే పట్టుకోవడం ఎలా?

అసలు పని ఇక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ కాకముందు, పూర్తి డబ్బు కట్టకముందు, పగటిపూట యార్డుకి వెళ్ళి మీ చాసిస్ నంబరు ఉన్న బండినే చూడండి. షోరూమ్ లోపల లైట్ల కింద చూస్తే ఏదీ తెలియదు. "రిజిస్ట్రేషన్ అయ్యాక చూపిస్తాం" అంటే ఒప్పుకోకండి. నంబరు పడ్డాక బండి మీదైపోతుంది, మాట వాళ్ళదైపోతుంది.

ముందు బోల్టులు చూడండి. బానెట్, డోర్ల హింజెస్, ఫెండర్ల దగ్గర బోల్టుల మీద ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. స్పానర్ పట్టిన గుర్తు ఉంటే ఆ ప్యానెల్ ఎవరో విప్పారు. తర్వాత రబ్బరు బీడింగ్ వేలితో కాస్త లాగి చూడండి. కింద రంగు తుంపరలు కనిపిస్తే అక్కడ స్ప్రే కొట్టారు. డోరు అంచుల్లో సీలెంట్ ఫ్యాక్టరీలో వేసినది ఒకే తీరుగా ఉంటుంది, చేత్తో పూసినది ఎగుడుదిగుడుగా ఉంటుంది. డోర్లు, బానెట్ లాంటి ప్యానెళ్ళ మధ్య సందులు ఎడమవైపు, కుడివైపు ఒకేలా ఉన్నాయేమో పోల్చండి. సాయంత్రం ఏటవాలు ఎండలో బండి పక్కన వంగి పొడవునా చూస్తే రంగు తేడా బయటపడుతుంది. మా బావగారి బండిలో వెనక ఎడమ డోరు అలాగే దొరికింది. కాకపోతే అది ఇంటికొచ్చిన మూడో వారంలో.

పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. తెలిసిన డీటెయిలింగ్ షాపు వాళ్ళ దగ్గర అడిగినా ఇస్తారు. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంకె కన్నా తేడా ముఖ్యం. బండి అంతా 110 చూపిస్తూ ఒక్క డోరు 300 చూపిస్తే, ఆ డోరు మీద పని జరిగింది. ఈ మీటరు ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయదు.

టైరు మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. నాలుగు టైర్లూ దగ్గర దగ్గర తేదీల్లో ఉండాలి. అద్దాల మీద కూడా తయారీ గుర్తులుంటాయి. ఒక్క అద్దం గుర్తు మాత్రమే వేరేగా ఉంటే ఎందుకని అడగండి. కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి, బురద చార, సీటు బోల్టులకి తుప్పు ఉన్నాయేమో చూడండి. కిలోమీటర్ల రీడింగ్ ఫోటో తీసుకోండి.

కాగితాల్లో ఫారం 21 అమ్మకం సర్టిఫికెట్, ఫారం 22 కంపెనీ ఇచ్చే రోడ్డు యోగ్యత సర్టిఫికెట్. రెండింటిలోని చాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అంకె చొప్పున సరిపోల్చండి. పీడీఐ షీటు, అంటే డెలివరీకి ముందు షోరూమ్ చేసిన తనిఖీ పత్రం, కాపీ అడగండి. చివరగా ఒక్క వాక్యం రాసిమ్మనండి: "ఈ చాసిస్ నంబరు గల బండికి డెలివరీకి ముందు ఏ రకమైన బాడీ రిపేరు, రీపెయింట్, పార్టుల మార్పు జరగలేదు." నిజంగా ఏమీ జరగకపోతే రాసివ్వడానికి ఇబ్బంది ఏముంటుంది? రాసివ్వమంటే వాళ్ళ ముఖంలోనే సగం జవాబు కనిపిస్తుంది.

బండి మంచి స్థితిలో అందిందని డెలివరీ నోట్ మీద సంతకం పెట్టేశాను. ఇక అంతేనా?

కాదు. కంటికి కనిపించే గీత గురించి అయితే ఆ సంతకం మీకు ఇబ్బందే. రంగు కింద కప్పేసిన దాని గురించి మీరు సంతకం పెట్టలేదు, అది మీకు తెలియనే తెలియదు. దాచిపెట్టి తీసుకున్న ఒప్పుకోలు వాళ్ళని కాపాడదు అని గట్టిగా వాదించవచ్చు.

ఇంటికి తెచ్చాక తెలిసింది. మొదట ఏం చేయాలి?

మొదట ఏం చేయకూడదో చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ఆ తప్పే జరిగింది. బావగారు షోరూమ్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు ఎంతో మర్యాదగా "బండి తీసుకురండి సార్, మా బాడీ షాప్ మేనేజర్ చూస్తారు" అన్నారు. ఆయన తాళాలు ఇచ్చి బస్సులో ఇంటికొచ్చేశారు. నాలుగు రోజులకి బండి తిరిగొచ్చింది. డోరు మళ్ళీ రంగు వేసి, పాలిష్ పట్టి, తళతళలాడుతోంది. రబ్బరు కింద ఉన్న తుంపరలు లేవు, బోల్టు కొత్తది. సాక్ష్యం మొత్తం వాళ్ళే కడిగేశారు. పైగా "ఉచితంగా సరిచేశాం" అని జాబ్ కార్డు, అంటే బండికి చేసిన పని రాసే షోరూమ్ కాగితం, మీద రాసిచ్చారు. అదృష్టం కొద్దీ మా ఊరి టింకరింగ్ మేస్త్రి అంతకుముందే డోరు మీద వేలితో కొట్టి "బాబూ, లోపల పుట్టీ ఉంది" అంటున్నప్పుడు మా మేనల్లుడు ఫోన్‌లో వీడియో తీశాడు. అదే మమ్మల్ని నిలబెట్టింది. చివరికి ఆ జాబ్ కార్డు కూడా మాకే పనికొచ్చింది: మూడు వారాల కొత్త బండికి డోరు మొత్తం మళ్ళీ ఎందుకు రంగు వేయాల్సి వచ్చిందో వాళ్ళు చెప్పలేకపోయారు.

అందుకని బండి ఇచ్చే ముందు తేదీ కనిపించేలా ఫోటోలు, వీడియోలు తీయండి. మీటరు రీడింగులు ప్రతి ప్యానెల్‌కీ రాసుకోండి. షోరూమ్‌కి సంబంధం లేని ఒక వర్క్‌షాపు నుంచి, వీలైతే లైసెన్సున్న ఇన్సూరెన్స్ సర్వేయర్ నుంచి, లెటర్‌హెడ్ మీద రిపోర్టు తీసుకోండి. వీడియో తీసిన ఫోన్ అమ్మేయకండి, ఫైలు వాట్సాప్‌లో పంపి ఒరిజినల్ చెరిపేయకండి.

తర్వాత అదే కంపెనీ సర్వీస్ సెంటర్ ఇంకోచోట ఉంటే, చాసిస్ నంబరు చెప్పి సర్వీస్ హిస్టరీ అడగండి. డెలివరీ తేదీకి ముందు జాబ్ కార్డు కనిపిస్తే మీ పని సగం అయినట్టే. కానీ యార్డులో చేతిపనిగా చేయించినది రికార్డులో ఉండకపోవచ్చు.

ఆ పైన ఫోన్ మాటలు మానేసి రాతలోకి రండి. షోరూమ్‌కీ, కంపెనీకీ ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. ఏం కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు, ఏం కావాలి అన్నది రాసి 15 రోజులు గడువు ఇవ్వండి. బండి వాడక తప్పకపోతే "అభ్యంతరంతోనే వాడుతున్నాను" అని అందులో రాయండి. పది వేల కిలోమీటర్లు తిప్పి డబ్బు మొత్తం వెనక్కివ్వమంటే ఎవరూ సులువుగా ఒప్పుకోరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని కంపెనీలు ఆ మెట్టు దగ్గరే దిగొస్తాయి.

షోరూమ్ ఆంధ్రాలో, నేను ఒడిశాలో. కేసు ఎక్కడ వేయాలి?

మీ ఊళ్ళోనే వేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో అమ్మినవాడు ఉన్నచోటో, లావాదేవీ జరిగినచోటో వేయాల్సి వచ్చేది. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట వేయవచ్చు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. విశాఖ షోరూమ్ వాళ్ళే ఇక్కడికి వచ్చి జవాబు చెప్పుకోవాలి. ఆధార్, కరెంటు బిల్లు, ఓడీ రిజిస్ట్రేషన్ మీ చిరునామా చూపించడానికి చాలు.

సరిహద్దు జనానికి ఈ ఒక్క మార్పు ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేను. వాయిదా వాయిదాకీ తెల్లవారుజామున బస్సెక్కి రెండో రాష్ట్రానికి వెళ్ళాల్సిన టెన్షన్ లేదు.

బుకింగ్ ఫారం మీద "విశాఖ కోర్టుల పరిధికి లోబడి" అని అచ్చువేసి ఉంది.

భయపడకండి. చట్టం ఇచ్చిన హక్కుని అచ్చు వాక్యం తీసేయలేదు. మధ్యవర్తి తీర్పుకే వెళ్ళాలన్న షరతు ఉన్నా వినియోగదారుడు కమిషన్‌కి వెళ్ళవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

ఎంత ఖర్చవుతుంది? లాయరు తప్పనిసరా?

మీరు బండికి కట్టిన మొత్తాన్ని బట్టి ఫీజు. 5 లక్షల వరకు ఏమీ లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000. 2021 డిసెంబరు చివర్లో వచ్చిన నియమాల ప్రకారం 50 లక్షల వరకు జిల్లా కమిషనే వింటుంది, అంటే మనలాంటి వాళ్ళు కొనే కార్లన్నీ జిల్లాలోనే తేలతాయి.

లాయరు తప్పనిసరి కాదు. మీరే రాసుకుని మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. అయినా రిపోర్టుల మీద వాదన నడిచే కేసు కాబట్టి ఒక లాయరుకి చూపించడం మంచిదని నా అభిప్రాయం. మహిళలకి, ఎస్సీ, ఎస్టీ వారికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. ఆ హెల్ప్‌లైన్ 15100. ఏజెన్సీ ప్రాంతంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, దయచేసి చెప్పండి.

గడువు ఉందా?

రెండేళ్ళు. దాచిన మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. డెలివరీ తేదీ నుంచే లెక్క పెట్టుకోండి.

షోరూమ్ మీదే వేయాలా, కంపెనీని కూడా చేర్చాలా?

ఇద్దరినీ చేర్చండి. కానీ కంపెనీ మీద గెలవాలంటే వాళ్ళ పాత్ర చూపించాలి. 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. గోవాలో ఒకాయన 2011 మోడల్‌కి డబ్బు కడితే, అప్పటికే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన 2009 నాటి బండి ఇచ్చారు. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసని రుజువు లేనప్పుడు కంపెనీని బాధ్యురాలిని చేయలేమని కోర్టు అంది. డీలరు బాధ్యత మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఫిర్యాదులో డీలరు ఏం చేశాడు, కంపెనీ ఏం చేసింది అన్నవి విడివిడిగా రాయండి. మీ ఈమెయిల్‌కి కంపెనీ జవాబివ్వకుండా ఊరుకుంటే ఆ ఈమెయిల్ కూడా జతచేయండి.

ఏం అడగాలి? కొత్త కారు ఇస్తారా?

సెక్షన్ 39 కింద లోపం సరిచేయమనవచ్చు, కొత్త బండి ఇమ్మనవచ్చు, డబ్బు వడ్డీతో వెనక్కివ్వమనవచ్చు, నష్టపరిహారం వేయవచ్చు, శిక్షగా అదనపు మొత్తం కూడా వేయవచ్చు. మొదటి కోరికగా కొత్త బండి లేదా పూర్తి డబ్బు, అది కుదరకపోతే ధరలో తేడా, దానితో పాటు మానసిక వేదనకి, ఖర్చులకి అని వరుసగా అడగండి. ఒక డోరు రంగు కేసులో కొత్త కారు రావడం కష్టం. బాడీ షెల్‌కి, అంటే బండి ఇనుప చట్రానికి, వెల్డింగ్ జరిగితే గట్టిగా పట్టుబట్టండి. ధరలో తేడాకి రుజువుగా, సెకండ్ హ్యాండ్ కార్ల డీలరు ఒకరి దగ్గర రాతపూర్వకంగా విలువ కట్టించండి.

మా బావగారి విషయం కమిషన్ పంపిన మధ్యవర్తిత్వంలో డబ్బు తీసుకోవడంతో ముగిసింది. ఆయన ఇంకా పోరాడాల్సిందని నాకు అనిపిస్తుంది. కానీ నాలుగోసారి వాయిదా పడ్డాక అక్క ముఖం చూసినవాణ్ణి కనక ఆయన్ని తప్పుపట్టను.

టాక్సీకి కొన్నాను. నేను వినియోగదారుణ్ణేనా?

మీరే నడుపుకుని బతుకుతుంటే అవును, స్వయం ఉపాధికి చట్టం మినహాయింపు ఇచ్చింది. పది బండ్లు పెట్టి డ్రైవర్లతో తిప్పిస్తుంటే కష్టం.

కోపంతో ఈఎంఐ ఆపేయవచ్చా?

వద్దు. బ్యాంకు మీకు అప్పిచ్చింది, రిపేరు దాచలేదు. ఆపితే సిబిల్ స్కోరు పోతుంది, బండి కూడా పోవచ్చు. మీ కేసుకి ఆ బండే సాక్ష్యం.

పోలీసు కేసు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 మోసానికి సంబంధించినది. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. చాసిస్ నంబరు కొట్టి మార్చినా, ఓడోమీటరు వెనక్కి తిప్పినా తప్పకుండా వెళ్ళండి. ఒక్క రీపెయింట్‌కైతే కమిషనే సరైన చోటు.

కేసు ఎంతకాలం పడుతుంది? ఒడియా రాకపోతే?

చట్టం ప్రకారం మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు. నిజానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే మొదలుపెట్టండి. అవతలివాళ్ళు మాత్రం 30 రోజుల్లో, కమిషన్ పొడిగిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. 45 రోజులు దాటాక పొడిగింపు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తేదీ డైరీలో రాసిపెట్టుకోండి. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా వాదన వినమని కూడా అడగవచ్చు.

ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించుకోండి. షోరూమ్‌తో తెలుగులో నడిచిన వాట్సాప్ మాటలకి, వాయిస్ మెసేజ్‌లకి ఇంగ్లీషు అనువాదం జతచేయండి. సేల్స్ కుర్రాడు "కంపెనీ పీసే సార్, చెయ్యి కూడా పడలేదు" అన్నాడంటే ఆ మాటని ఉన్నదున్నట్టు తెలుగులో రాసి, కింద అనువాదం పెట్టండి.

గెలిచాక కూడా డబ్బు ఇవ్వకపోతే?

వాళ్ళు అప్పీలుకి వెళ్ళాలంటే 45 రోజుల్లో వెళ్ళాలి, కట్టాల్సిన మొత్తంలో సగం ముందే జమ చేయాలి. ఒడిశా కేసులకి రాష్ట్ర కమిషన్ కటక్‌లో ఉంది. అప్పీలూ లేక, డబ్బూ రాకపోతే సెక్షన్ 71 కింద అమలు పిటిషన్ వేయండి. సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు. సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 25,000 నుంచి లక్ష వరకు జరిమానా వేయవచ్చు. రెండు పిటిషన్లూ తీర్పు ఇచ్చిన కమిషన్‌లోనే వేయాలి, అంటే మళ్ళీ మీ జిల్లాలోనే.